పాకలో దగ్గుమందు సీసా

దగ్గుమందు సీసా ముందు మోకరిల్లి చేసిన ప్రార్థన పైకి చేరుతుందా, లేక ఆ సీసా దగ్గరే ఆగిపోతుందా అన్నది నన్ను పదకొండేళ్లు వదలని సందేహం.

ఏటా డిసెంబరులో మా ముందుగదిలో, పాత కుట్టుమిషన్ బల్ల మీద, మా మామగారు సబ్బుల పెట్టె చెక్కలతో చేసిన పశువుల పాక పెడతాం. అందులో మరియతల్లి భర్త జోజప్పగారు, ఆవు, గాడిద, గొర్రెపిల్లని భుజాన వేసుకున్న కాపరి, ముగ్గురు రాజులు, తొట్టిలో బాలయేసు. మరియతల్లి నిలబడాల్సిన చోట మాత్రం ఆ పదకొండేళ్లూ గోధుమరంగు దగ్గుమందు సీసా. మా అమ్మాయి పాత స్కూలు లంగా లోంచి నీలం గుడ్డ కత్తిరించి, సీసాకి చుట్టి, మూత మీదికి ముసుగులా లాగి, రబ్బరు బ్యాండు వేశాను. ఆ ఒక్క ఏడాదికే కదా అనుకున్నాను. ఈ ఒక్కసారికీ అనుకుని చేసినవే ఇంట్లో ఆచారాలై కూర్చుంటాయని అప్పటికి నాకు తెలీదు.

ఒకసారి ఉండబట్టలేక, పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్లినప్పుడు ఫాదర్ గారిని అడిగేశాను.

"సీసాలో మందుందా అమ్మా?" అన్నారాయన.

"లేదండీ, ఖాళీదే."

"అయితే ఫర్వాలేదు. ఇంకేమైనా పాపాలున్నాయా?"

నా వెనక ఇంకా ఇరవైమంది వరసలో ఉన్నారు. ఆయన్ని మాత్రం ఏమనగలను? నా సందేహం నాతోనే ఇంటికొచ్చింది.

ఆ బొమ్మలు మా అత్తగారివి. ఏడాదికొకటి చొప్పున కొని కూర్చుకున్నవి. ఆవిడ తన ఆఖరి క్రిస్మస్‌కి మంచం మీద కూర్చుని, నలుగురు పిల్లల్నీ పిలిచి వాటిని పంచేసింది. పెద్దకొడుకని మా ఆయనకి పాక, బాలయేసు. పెద్ద మరిదికి జోజప్పగారు, కాపరి, పశువులు. చిన్న మరిదికి ముగ్గురు రాజులు. ఒక్కగానొక్క కూతురికి మరియతల్లి. "ఎవరి బొమ్మ వాళ్లు తెచ్చి వాళ్ల చేత్తోనే పెట్టాలి. బిడ్డని ఆఖర్న పెట్టాలి. పాక నిండాకే భోజనం," అంది. బొమ్మల్ని విడదీస్తే మనుషులు కలుస్తారని ఆవిడ ఆలోచన. మంచి ఆలోచనే. కాకపోతే ఆవిడకి తన పిల్లల మనసులు తెలుసు గానీ, వాళ్ల డ్యూటీలు తెలీవు. మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తారు, ఆయనకి సెలవంటే సెలవే. పెద్ద మరిది బస్సు డ్రైవరు. చిన్న మరిదిది ఫోన్ల దుకాణం. మా ఆడపడుచు బుజ్జి బేకరీలో కేకుల మీద క్రీముతో పువ్వులు వేస్తుంది, పేర్లు రాస్తుంది. ఊరందరి కేకులూ దుకాణం గడప దాటితే గానీ ఆమెకి క్రిస్మస్ రాదు.

అత్తగారు పోయిన ఏడాది బుజ్జి పన్నెండున్నరకి వస్తానంది. ఒంటిగంటయింది. కూరలు రెండుసార్లు వేడి చేశాను. పిల్లలు ఆకలి ఆకలి అని నా కాళ్లకి అడ్డం పడుతున్నారు. నాకు ఓపిక నశించింది. "ఇంకెంతసేపు? అన్నీ చల్లారిపోతున్నాయి," అని నేనే వెళ్లి బాలయేసుని తొట్టిలో పెట్టేసి, కంచాలు వేశాను.

పది నిమిషాలకి ఆమె గుమ్మంలో ఉంది. సంచిలో తువ్వాలు చుట్టిన బొమ్మ. పాక వైపు చూసింది, మా కంచాల వైపు చూసింది.

"తల్లి రాకముందే బిడ్డ పుట్టేశాడా వదినా?" అంది.

"తల్లికి తీరికయ్యే దాకా పుట్టకూడదంటే ఎలా?" అన్నాను నేను.

నోట్లోంచి వచ్చేసింది. ఆమె చెప్పులు కూడా విప్పలేదు. సంచి భుజాన సర్దుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆ సాయంత్రం చర్చి నుంచి ఇళ్లలో పాకలు చూడటానికి వస్తారని, ఆదరాబాదరాగా చేతికందిన సీసాకి గుడ్డ చుట్టాను.

తరవాత పెళ్లిళ్లలో, చావుల్లో ఎదురుపడ్డప్పుడల్లా చెరో పక్కా నిలబడ్డాం. "బాగున్నారా" అంటే "బాగున్నాం" అనుకున్నాం. తప్పు నాది కాదు, ఆలస్యంగా వచ్చింది ఆమె అని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఒకే మాట అన్నిసార్లు చెప్పుకోవలసి వస్తోందంటే అందులో ఏదో లోటుందనే కదా.

ఇప్పుడు చెప్పబోయేది ఆ పదకొండో ఏటి సంగతి.

డిసెంబరు మొదటి ఆదివారం చర్చి నుంచి వచ్చి నేను ఇంకా చీరైనా మార్చుకోలేదు, చిన్న మరిది పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చి కుట్టుమిషన్ బల్ల మీద పెట్టాడు.

"వదినా, కళ్లు మూసుకో," అన్నాడు.

"కూర వండాలి, త్వరగా చూపించు."

పెట్టెలోంచి పాక తీశాడు. ప్లాస్టిక్‌ది. తల్లీ, తండ్రీ, బిడ్డా, పశువులూ, రాజులూ అందరూ ఒకే పలక మీద ఉన్నారు. ప్లగ్ పెట్టాడు. పైన నక్షత్రం తిరిగింది, ఆవు తల ఊపింది, అడుగున ఎక్కడి నుంచో సన్నటి పాట మొదలైంది.

"అన్నీ అతికించే వస్తాయి. ఎవరూ ఏమీ తేవక్కర్లేదు, ఎవరి కోసం ఎవరూ ఆగక్కర్లేదు. ప్లగ్ పెడితే పండగే," అన్నాడు. "చిన్నన్నయ్యకి పండగ రోజు నాలుగింటి డ్యూటీ పడింది. పన్నెండింటికల్లా భోజనాలు కానిచ్చేద్దాం. నిజం చెప్పు వదినా, ఆ సీసాని చూస్తే నీకే నవ్వు రాదూ?"

నేను మార్పుకి అడ్డం పడే మనిషిని కాను. పొయ్యి ముందు నిలబడే కాళ్లకి మార్పు విలువ ఒకరు చెప్పక్కర్లేదు. ఒకప్పుడు తెల్లారకముందే లేచి ఇరవైమందికి నేనొక్కదాన్నే వండేదాన్ని, ఇప్పుడు తలో గిన్నె తెస్తున్నారు, మంచిదే. ఒకప్పుడు గది ఈ మూల నుంచి ఆ మూలకి దారం కట్టి గ్రీటింగ్ కార్డులు వేలాడదీసేవాళ్లం. ఇప్పుడు ఒకే బొమ్మ నలుగురి దగ్గర నుంచి నాలుగుసార్లు ఫోన్లోకి వస్తుంది. నేనూ దాన్ని ఇంకో నలుగురికి పంపిస్తాను. పాటలు శ్రుతి లేకపోయినా నోటితో పాడుకునేవాళ్లం, ఇప్పుడు డబ్బా పాడుతుంటే మేము కబుర్లు చెప్పుకుంటున్నాం. చీటీల్లో ఎవరి పేరొస్తే వాళ్లకి కానుకలిచ్చుకునేవాళ్లం, ఇప్పుడు కానుకలో బిల్లు కూడా పెట్టి ఇస్తున్నారు, నచ్చకపోతే మార్చుకోమని. వీటిలో దేనికీ నేను నోరెత్తలేదు.

కానీ ఆ పలక మీది మరియతల్లిని రెండు వేళ్లతో పట్టుకుని లాగి చూశాను. కదల్లేదు.

"ఊడదు వదినా. గట్టిగా అతికించారు," అన్నాడు మరిది, మెచ్చుకోలుగా.

అప్పుడు తట్టింది నాకు. సీసా ఎంత వికారంగా ఉన్నా, ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఇక్కడ ఇదేమిటి?" అని అడిగేవాళ్లు. అడిగినప్పుడల్లా ఇష్టం ఉన్నా లేకున్నా బుజ్జి పేరు ఎత్తాల్సి వచ్చేది. "మా ఆడపడుచు తేవాలి, ఈ ఏడు రాలేదు" అనేదాన్ని. పదకొండేళ్లూ ఈ ఏడు రాలేదనే చెప్పాను. ఈ కొత్త పాకని చూసి ఎవరూ ఏమీ అడగరు. అడగకపోతే ఇంకో రెండేళ్లకి మేమూ ఆ పేరు ఎత్తం.

"తీసి మూల పెట్టు. పండగ నాటికి చూద్దాం," అన్నాను.

"కొన్నదాన్ని మూల పెట్టడమేంటి? మీరిద్దరూ ఏదో అనుకున్నారని మేమంతా సీసాకి దండం పెట్టాలా?"

మాటలో న్యాయం ఉంది. అందుకే మరీ ఒళ్లు మండింది. ఆవు ఇంకా తల ఊపుతూనే ఉంది. ప్లగ్ పీకేశాను.

మరిది వెళ్లాక మా ఆయన దగ్గరికి పోయాను. ఒక మిషన్ని బోర్లా పెట్టి నూనె వేస్తున్నారు.

"ఏమండీ, మీ చెల్లెలి సంగతి ఏం చేద్దాం?"

"రావాలనుంటే అదే వస్తుంది."

"పిలవాలనుంటే మీరే పిలవొచ్చుగా."

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి నా వైపు చూశారు. "ఆ రోజు నేనేమన్నానే? అన్నది నువ్వు."

ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఈ మనిషి నోటి నుంచి సూటిగా వచ్చిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకటి ఇలా నా మీదే వాడాలా? మళ్లీ స్క్రూడ్రైవరు తీసుకుని పనిలో పడ్డారు.

రెండు వారాలు నాన్చాను. పండగ నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం పని ముగించుకుని బేకరీకి బయల్దేరాను. రెండు బస్సులు మారాలి. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో చదువుకున్నాను, చిన్నప్పుడు చర్చిలో జ్ఞానోపదేశం పాఠం అప్పజెప్పినట్టు. "బుజ్జీ, ఆ రోజు నేనలా అనకూడదు. నన్ను క్షమించు." అవేమంత పెద్ద మాటలు కావు. పదకొండేళ్లు ఎందుకు పట్టిందో నాకే అర్థం కాలేదు.

బేకరీలో వరస వీధిలోకి ఉంది. నలభై నిమిషాలు నిలబడ్డాను. కౌంటరు దగ్గరావిడ చీటీ రాసిచ్చి, "కేకు మీద ఏం రాయాలో అక్కడ చెప్పండి," అని పక్కనున్న అద్దాల కిటికీ చూపించింది.

కిటికీ వెనక బుజ్జి. తల మీద గుడ్డ కట్టుకుంది. మోచేతుల దాకా తెలుపు. చేతిలో క్రీము నింపిన కాగితం పొట్లం. జుట్టు నెరిసిందో, పిండి పడిందో తెలియలేదు.

"ఏం రాయమంటారు?" అంది తలెత్తకుండానే.

"ఏమీ వద్దు. పండక్కి నువ్వొస్తే చాలు."

తలెత్తింది. చేతిలో పొట్లం మాత్రం కదుల్తూనే ఉంది, కేకు అంచున పువ్వు తరవాత పువ్వు పడుతూనే ఉంది.

"కేకు కోసం ఇంత దూరం వచ్చావా వదినా? మీ వీధిలో బేకరీ లేదూ?"

"ఉంది. అందులో నువ్వు లేవు."

"పదకొండేళ్లు పట్టిందా అది కనుక్కోవడానికి?"

"నువ్వు మాత్రం? మా గుమ్మం నీకు తెలీదా?"

నా వెనక ఒక పెద్దాయన దగ్గాడు. "అమ్మా, మీ మాటలయ్యాక నా కేకు మీద మనవరాలి పేరు రాయించుకోవాలి. తొందరేం లేదు, ఊరికే చెప్తున్నా."

"మీదే రాస్తున్నా బాబాయిగారూ. చేయి పని చేయిది, నోటి పని నోటిది," అని అతని కేకు ముందుకి లాక్కుంది బుజ్జి.

నాకు చిరాకెక్కింది. బస్సులో చదువుకున్నదంతా ఎటో పోయింది. "మీ తమ్ముడు కొత్త పాక కొన్నాడు. అందులో మరియతల్లిని కూడా అతికించేశారు," అన్నాను.

"మంచిదేగా. ఆవిడైనా వేళకి ఉంటుంది."

"నేను పోట్లాటకి రాలేదు బుజ్జీ."

"వచ్చినప్పటి నుంచీ అదేగా చేస్తున్నావు."

"ఆ రోజు నేనన్న మాట తప్పే," అన్నాను. తీరా నోటి నుంచి వచ్చేసరికి, గ్యాసు అయిపోయిందని చెప్పినట్టుంది నా గొంతు.

అప్పుడు ఆగింది ఆమె చేయి. మనవరాలి పేరు సగంలో ఉంది.

"మాట సంగతి ఎవరడిగారు వదినా? మాటలు నేనూ అంటాను. అమ్మ పోయాక మొదటి పండగ అది. బస్సు దొరక్క సగం దూరం పరిగెత్తాను, బొమ్మ పగులుతుందేమోనని సంచిని గుండెకి పట్టుకుని. వచ్చి చూస్తే కంచాలు వేసేశారు. నాకోసం పది నిమిషాలు ఆగలేకపోయారు." పొట్లం కొస తుడుచుకుంది. "నువ్వు నాకు పది నిమిషాలు బాకీ. అంతే. అంతకంటే ఏం లేదు."

"ఈసారి ఆగుతాను. ఎంతసేపైనా."

"నువ్వా?" నవ్వింది. "ఒంటిగంట దాటితే నీ కంటికి మనుషులు ఆనరు. నాకు ఆ రోజు రెండున్నర దాకా పని. ఆపైన బస్సు."

"ఎప్పటికొస్తే అప్పటికే. కేకు కూడా నువ్వే తీసుకురా, మళ్లీ రెండు బస్సులెక్కి నేను రాలేను."

"వస్తానని చెప్పలేదు నేను."

"రానని కూడా చెప్పలేదు."

"వస్తానని చెప్పెయ్యమ్మా," అన్నాడు పెద్దాయన. "మా పిల్ల పేరు సగంలో ఉండిపోయింది."

బుజ్జి ఆ పేరు పూర్తి చేసింది. నాకు మాత్రం ఏ జవాబూ చెప్పలేదు. వరస నన్ను పక్కకి తోసేసింది.

ఇంటికొచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే అందరూ సలహాలిస్తారు.

పండగ రోజు పొద్దున చర్చిలో పూజ అయ్యాక పదకొండింటికి అందరూ మా ఇంట్లో ఉన్నారు. పెద్ద మరిది జోజప్పగారిని, పశువుల్ని, కాపరిని పెట్టాడు. కాపరి ముక్కు పోయిన ఏడే విరిగింది, ఈ ఏడు అతికించాడు గానీ వంకరగా అతికించాడు. చిన్న మరిది రాజుల్ని నిలబెట్టి, తన కొత్త పాకని ఫ్రిజ్ మీద పెట్టి ప్లగ్ పెట్టాడు. అక్కడి నుంచి ఆ పాట మొదలైంది. అది ఒకటే పాట, ముక్కుతో పాడినట్టుంటుంది, అయిపోయిందనుకునేలోపు మళ్లీ మొదలవుతుంది.

నేను పాక దగ్గరికి వెళ్లి సీసా తీశాను. రబ్బరు బ్యాండు విప్పాను. ఎండిపోయి రెండు ముక్కలైంది. నీలం గుడ్డ మడతపెట్టి నడుములో దోపుకున్నాను. సీసా ఉన్నచోట చెక్క మీద గుండ్రటి మచ్చ పడి ఉంది.

"అమ్మయ్య. మొత్తానికి తీసేశావు," అన్నాడు చిన్న మరిది. "ఇంక బిడ్డని పెట్టెయ్ వదినా. పన్నెండయింది."

"బుజ్జి వస్తుంది. వచ్చాక పెడదాం."

గదిలో మాటలన్నీ ఆగాయి. ఫ్రిజ్ మీది పాట మాత్రం ఆగలేదు.

"అక్క వస్తానందా?" అన్నాడు.

"అనలేదు."

"మరి?"

"రానని కూడా అనలేదు."

మా తోడికోడలు, పెద్ద మరిది భార్య, నోరు నొక్కుకుంది. స్కూలు టీచరు, ఏదైనా నిదానంగా అడుగుతుంది. "ఎన్నింటికొస్తుందక్కా?"

"రెండున్నర దాకా పనట."

"రెండున్నరా?" అని ముగ్గురు మగవాళ్లూ ఒకేసారి అన్నారు. అన్నదమ్ములు ఒకే మాట మీద ఉండటం నేను చాలా ఏళ్ల తరవాత చూశాను.

బాలయేసు నా ఎడమ గుప్పిట్లో ఉన్నాడు. వేలెడంత బొమ్మ. ఎక్కడైనా పెడితే ఎవరో ఒకరు తీసి తొట్టిలో పెట్టేస్తారని నా భయం. అందుకని ఒంటిచేత్తోనే కూరలు దింపాను, ఒంటిచేత్తోనే కంచాలు కడిగి బోర్లించాను. పిల్లలకి రొట్టె, పళ్లు ఇచ్చాను. పెద్దవాళ్లకి మంచినీళ్లిచ్చాను.

ఒంటిగంటకి చిన్న మరిది వంటింటి గుమ్మంలో నిలబడి గిన్నెల మూతలు చూస్తూ మాట్లాడాడు. ఒకటిన్నరకి అక్కకి ఫోన్ చేశాడు, ఎత్తలేదు. "చేతి నిండా క్రీమున్న మనిషి ఫోనెలా ఎత్తుతుంది?" అన్నాను. రెండింటికి మా తోడికోడలు వచ్చి, "అక్కా, వాసనకే సగం ప్రాణం పోతోంది," అంది. రెండుంపావుకి మా అమ్మాయి ఫ్రిజ్ మీది ప్లగ్ పీకేసింది. ఆ పూటకి నాకు జరిగిన మేలు అదొక్కటే.

ఎదురుచూడటం కూడా ప్రార్థనేనని ఫాదర్ గారు క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాల ఆగమన కాలంలో ఏటా చెప్తారు. ఆకలితో ఉన్న ముగ్గురు అన్నదమ్ముల మధ్య ఆయన ఎప్పుడైనా ఎదురుచూశారో లేదో. నాకైతే ప్రార్థన రాలేదు, విసుగే వచ్చింది. బుజ్జి మీద, ఆ బేకరీ మీద, ఊళ్లో కేకులు తినే వాళ్లందరి మీద. ఆ రోజు ఆ పది నిమిషాలు ఆగి ఉంటే ఈ రోజు ఈ మూడు గంటలు ఉండేవి కావు కదా అని నా మీద కూడా. అత్తగారి మీద కూడా వచ్చింది. బొమ్మలన్నీ ఒక్కరికే ఇచ్చి పోయుంటే ఆవిడ సొమ్మేం పోయేది? అంతలోనే లెంపలేసుకున్నాను, ఖాళీగా ఉన్న కుడిచేత్తో, ఒకవైపే.

రెండున్నర దాటింది. మూడయింది. మా ఆయన పావుగంటకోసారి గుమ్మం దాకా వెళ్లి, అక్కడున్న చెప్పుల జతలన్నీ వరసగా సర్ది వస్తున్నారు. అప్పటికి ఆ చెప్పులు నాలుగు రకాలుగా సర్దబడ్డాయి.

మూడు దాటి అయిదు నిమిషాలకి పెద్ద మరిది లేచాడు. "వదినా, నాలుగింటి బండి నాది. మూడుంపావుకి కదలాలి. నేనింక తినను, పోనీలే. డిపో దగ్గర ఏదో ఒకటి తింటా." పండగ పూట ఆ మాట వినడం నాకు చెంపదెబ్బలా ఉంది. అతను గుమ్మంలో కూర్చుని బూట్లు తీసుకున్నాడు.

చిన్న మరిది ఇంక ఆగలేదు. "అక్క రాదు వదినా. నీకూ తెలుసు. ఇలా ఇవ్వు, నేను పెట్టేస్తా. చిన్నన్నయ్య రెండు ముద్దలైనా తిని వెళ్తాడు," అని నా గుప్పిట వైపు చేయి చాపాడు.

నిజం చెప్పొద్దూ, నా వేళ్లు సడలాయి. కూరలు ఏనాడో చల్లారిపోయాయి. ఇంట్లో అందరి ముఖాలూ మాడిపోయి ఉన్నాయి. మాట ఇచ్చింది నేను, ఆకలికి మాడేది వీళ్లు. ఇదేం న్యాయం అనిపించింది.

"కూర్చోరా," అన్నారు మా ఆయన.

గట్టిగా కూడా అనలేదు. తలుపు దగ్గర నిలబడి, వీధి వైపు చూస్తూనే అన్నారు. చిన్న మరిది కూర్చున్నాడు. నేను గుప్పిట మూశాను.

పెద్ద మరిది రెండో బూటు తాడు కట్టుకుంటున్నాడు, అతని మీద నీడ పడింది.

"అడ్డం లే చిన్నన్నయ్యా," అంది బుజ్జి.

ఒక చేతిలో కేకు డబ్బా, భుజాన సంచి. ముఖం మీద చెమటకి పిండి చారలు కట్టింది. పరిగెత్తుకొచ్చినట్టుంది, ఊపిరి ఇంకా అందలేదు.

"వచ్చావా?" అన్నాడు అతను, కూర్చున్న చోటు నుంచే. "గబగబా పెట్టు తల్లీ. నా బండి పోతోంది."

ఆమె చెప్పులు విప్పకుండానే లోపలికి చూసింది. బోర్లించిన కంచాల్ని చూసింది. పాకని చూసింది. జోజప్పగారి పక్కన గుండ్రటి మచ్చనీ, ఖాళీ తొట్టినీ చూసింది.

"ఇంకా పుట్టలేదా?" అంది.

"తల్లి ఇప్పుడేగా వచ్చింది," అన్నాను. విసుగ్గానే అన్నాను. మూడు గంటల విసుగు ఒక్క క్షణంలో ఎక్కడికి పోతుంది?

ఆమె చెప్పులు విప్పింది. మా ఆయన వంగి వాటిని కూడా వరసలో పెట్టారు.

సంచిలోంచి తువ్వాలు తీసి విప్పింది. అదే తువ్వాలు. మరియతల్లి ముసుగు మడతల్లో, చేతివేళ్ల సందుల్లో తెల్లగా పిండి పేరుకుని గట్టిపడి ఉంది. ఒక్కరోజులో పట్టేది కాదు.

"ఇదేంటి, ఇంత పిండి?" అన్నాను.

"బేకరీలో సంచి పెట్టుకునే చోట పడుతుంది. ఏటా పడుతుంది."

"ఏటా ఎందుకు తీసుకెళ్తావు?"

ఆమె తువ్వాలు మడతపెట్టింది. "పండగ రోజు కదా. పని త్వరగా అయిపోతే, ఎవరైనా ఫోన్ చేస్తే, అటు నుంచి అటే రావచ్చని."

చిన్న మరిది తన ఫోన్ తీసి ఊరికే చూసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. నేను నడుములోంచి సీసాకి చుట్టిన నీలం గుడ్డ తీసి, తడిపి, ఆ బొమ్మ ముఖం, మడతలు తుడిచాను. సీసా ముందు చేసిన ప్రార్థనలు ఎటు వెళ్లాయో నాకు ఇప్పటికీ తెలీదు. ఫాదర్ గారిని మళ్లీ అడగలేదు.

బుజ్జి బొమ్మని తీసుకుని సరిగ్గా ఆ గుండ్రటి మచ్చ మీద నిలబెట్టింది. నేను గుప్పిట విప్పాను. చెమటకి తడిసి, నా చేతి వేడికి బాలయేసు వెచ్చగా ఉన్నాడు. తొట్టిలో పెట్టాను. నా అరచేతిలో ఆ బొమ్మ అచ్చు ఎర్రగా దిగి ఉంది.

"ఇదుగో వదినా," అన్నాడు పెద్ద మరిది గుమ్మంలోంచి. బూట్లతోనే నిలబడి, మా తోడికోడలు అందించిన రొట్టెలో మాంసం ముక్కలు పెట్టుకుని తింటున్నాడు. "వచ్చే ఏడు నుంచి భోజనం మూడున్నరకని ముందే చెప్పెయ్. నేను పొద్దుటి బండి వేయించుకుంటా. ఇలా చంపకు." నోటి నిండా రొట్టెతో బుజ్జి నెత్తిన ఒకటి మొట్టి వెళ్లిపోయాడు. ఆ మొట్టికాయకి ఆమె జుట్టులోంచి పిండి రాలింది.

ఆమె గోడ గడియారం వైపు చూసింది. మూడుంపావు.

"నేనడిగింది పది నిమిషాలే వదినా."

"తీరిందా?"

"తీరింది," అంది. కళ్లు తుడుచుకోవడానికి చేయి ఎత్తి, చేతికి క్రీము ఉందని చూసుకుని, మళ్లీ దించేసింది. వంటింటి వైపు తొంగిచూసింది. "అన్నీ చల్లారిపోయి ఉంటాయి."

"చల్లారనీ," అన్నాను. "కూర్చో."